మోటారుకారు తాళపుచెవి

“తాళము వేసితిని, గొళ్ళెము మఱచితిని” అని మన తెలుగువారిలో ఒక సామెత కలదు. ఇది నవ్వు పుట్టించు మాటయే కాని, ఇందొక గంభీరమైన సత్యము దాగియున్నది. తాళము ఎంత గట్టిదైనను, అది పట్టియుంచవలసినదానిని పట్టియుండనిచో దాని గట్టితనమువలన ప్రయోజనము లేదు. ఈ సామెతకు చక్కగా సరిపోవు చరిత్ర ఒకటి ఉన్నది. అది మోటారుకారు తాళపుచెవి చరిత్ర. నేటి ప్రసంగమునకు విషయ మదియే.

ఈ కాలమున తయారగుచున్న కార్లలో పెక్కింటికి చెవిని రంధ్రమున దూర్చి త్రిప్పవలసిన పని లేదు. అది జేబులో నున్న చాలును. యజమాని వచ్చి పిడి పట్టుకొనగానే తలుపు తెఱచుకొనును. లోపల గూర్చుండి మీట నొక్కగానే ఇంజను కదలును. మఱికొన్నింటికి వేఱుగా చెవియే లేదు. చేతిలోని ఫోనే చెవి. ఇది మిక్కిలి సౌకర్యమైన ఏర్పాటు, సందేహము లేదు. అయితే దీనితోపాటు ఒక వింత దొంగతనము కూడ లోకమున బయలుదేఱినది. రాత్రి ఇంటిముందు నిలిపిన కారు తెల్లవాఱుసరికి ఉండదు. అద్దము పగిలిన గుఱుతు ఉండదు. చెవి మాత్రము ఇంటిలో బల్లమీద భద్రముగా నుండును. చెవి పోలేదు, తాళము విఱుగలేదు, కారు పోయినది. ఇట్లని యజమాని చెప్పినచో పోలీసువారు గాని ఇన్సూరెన్సువారు గాని వెంటనే నమ్ముదురా? దొంగ చేసిన పనికి గుఱుతు లేనప్పుడు అనుమానము సొత్తు పోగొట్టుకొన్నవాని మీదికే తిరుగుట సహజము. కావున ఈ సంగతి యంత్రవేత్తలకు మాత్రమే సంబంధించినది కాదు. సామాన్య గృహస్థునకును ఇది ఎట్లు జరుగుచున్నదో తెలిసియుండుట అవసరము.

మొదట తాళపుచెవి చేయు పని ఏమో విచారింతము. ఇనుపచెవి మూడు ప్రశ్నలకు ఒక్కమాఱే ప్రత్యుత్తరమిచ్చును. వచ్చినవాడెవడు? తగిన పండ్లుగల చెవి కలవాడు. వాడెక్కడ నున్నాడు? తాళము ఎదుటనే యున్నాడు, లేనిచో చెవి రంధ్రమున ప్రవేశింపదు. తెఱచుట వానికి ఇష్టమేనా? ఇష్టమే, ఏలయన వాని చేయియే దానిని త్రిప్పినది. ఈ మూడు ప్రశ్నలను వేఱువేఱుగా ఎవరును ఆలోచింపలేదు. ఇనుము తన స్వభావము చేతనే వానిని ఒక్కటిగా ముడివేసియుంచెను. తరువాతి చరిత్రయంతయు ఈ ముడి ఒక్కొక్క పోగుగా విడిపోయిన కథయే.

మొట్టమొదటి మోటారుకార్లను నడుపుటకు ముందువైపునున్న ఇనుపకడ్డీని బలముగా చేతితో త్రిప్పవలసియుండెను. 1912లో అమెరికాలోని కాడిలాక్ కంపెనీవారు చార్లెస్ కెటరింగు అను ఇంజనీరు రూపొందించిన విద్యుత్ స్టార్టరును తమ కార్లలో అమర్చిరి. కడ్డీ త్రిప్పు కష్టము తీఱినది. యజమానికెంత తీఱినదో దొంగకును అంతయే తీఱినది. ఆ కాలపు చెవి విద్యుత్తును కలుపుటకు మాత్రమే పనికివచ్చెడిది. ప్రసిద్ధికెక్కిన ఫోర్డు టి కారు లక్షలకొలదిగా అమ్ముడుపోవుచున్న దినములలో, 1919 తరువాత వచ్చినవానికి చెవులు 24 విధములు మాత్రమే. వానికి 51 మొదలు 74 వఱకు సంఖ్యలు. ఆ సంఖ్యయు మీటపలక మీదనే ముద్రింపబడియుండెడిది. అనగా, ఏ చెవి కావలెనో తాళమే దొంగకు చదివి చెప్పుచుండెనన్నమాట. 1949లో క్రైస్లర్ కంపెనీవారు చెవిని త్రిప్పుటతోనే ఇంజను కదలునట్లు చేసిరి. 1969 సంవత్సరపు నమూనాలలో జనరల్ మోటార్సువారు చెవి తీయగానే చుక్కాని చక్రము బిగిసిపోవు ఏర్పాటు చేసిరి. 1986లో ఆ కంపెనీవారే తమ కార్వెట్ కారు చెవిలో చిన్న విద్యుత్ నిరోధకమును పొదిగిరి. ఆ నిరోధకపు విలువ సరిపోలిననే ఇంజను కదలును. ఇది మంచి యుక్తియే కాని, ఆ విలువలు 15 మాత్రమే. ఓపికగల దొంగకు 15 మాఱులు ప్రయత్నించుట ఒక లెక్క కాదు.

ఇంతవఱకు చెవి తాళమును తాకుచునే యుండెను. 1982లో ఫ్రాన్సు దేశపు రెనో కంపెనీవారి ఫ్యూగో కారుతో దూరమునుండి తెఱచు చెవి వచ్చినది. చేతిలోని మీట నొక్కినచో తలుపులు తెఱచుకొనును. ఇచ్చట ముడిలోని మొదటి పోగు సడలినది. వాడెవడు అను ప్రశ్నకు సంకేతము బదులిచ్చును. ఇష్టమేనా అను ప్రశ్నకు మీట నొక్కిన వ్రేలు బదులిచ్చును. ఎక్కడ నున్నాడు అను ప్రశ్నకు మాత్రము “ఎచ్చటనో సమీపమున” అను ఉజ్జాయింపు బదులే మిగిలెను.

దూరమునుండి పంపు సంకేతముల కొక సహజమైన బలహీనత కలదు. ఆకాశమున ప్రయాణించు మాటను ఎవరైనను వినవచ్చును. మీరు ఈ ప్రసంగమును వినుచున్న రేడియో వంటి పరికరమునే చేతబట్టి, దొంగ ఆ సంకేతమును పట్టి దాచుకొని, యజమాని వెడలిన పిమ్మట తిరిగి పలికింపవచ్చును. తొలి చెవులు ప్రతిదినము ఒకే సంకేతమును పలుకుచుండెను గనుక ఈ పని మిక్కిలి తేలికయయ్యెను. దీనికి విఱుగుడుగా మాఱుచుండు సంకేతము పుట్టినది. చెవియు కారును ఒక రహస్యసంఖ్యను పంచుకొని, నొక్కిన ప్రతిసారియు దానినుండి ఒక క్రొత్త మాటను పుట్టించును. ఒకసారి చెల్లిన మాట మఱల చెల్లదు. ఇట్టివానిలో ప్రఖ్యాతమైన కీలాక్ అను పద్ధతి దక్షిణాఫ్రికాలో 1980ల నడుమ పుట్టి, 1995లో అమెరికాలోని మైక్రోచిప్ కంపెనీవారి వశమాయెను. 2008లో జర్మనీలోని బోహుమ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఆ చిప్పు పనిచేయునప్పుడు వాడుకొను విద్యుత్తులోని హెచ్చుతగ్గులను కొలిచి, దాని రహస్యమును బయటికి లాగగలిగిరి.

రహస్యము చెడకపోయినను మోసమునకు దారి మిగిలియేయుండెను. 2015లో సామీ కామ్కార్ అను అమెరికా పరిశోధకుడు ఒక చిన్న పెట్టెను ప్రదర్శించెను. యజమాని మీట నొక్కును. పెట్టె ఆ మాటను తాను విని, కారునకు వినబడకుండ రొద చేయును. తలుపు తెఱచుకొనదు. యజమాని చెవిబ్యాటరీని తిట్టుకొని రెండవసారి నొక్కును. పెట్టె రెండవ మాటను కూడ మ్రింగి, మొదటి మాటను కారునకు అందించును. తలుపు తెఱచుకొనును, యజమానికి సంతోషము. చెల్లని మాట ఒక్కటియు దొంగచేత లేదు. ఇంకను చెల్లని, ముందు చెల్లనున్న రెండవ మాట మాత్రము వాని పెట్టెలో నున్నది! ఆ మఱుసటి ఏడు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయమువారును జర్మను పరిశోధకులును మఱియొక సంగతి బయటపెట్టిరి. ఫోక్స్‌వాగన్ సమూహమువారు 1995 నుండి అమ్మిన కార్లలో సుమారు 10 కోట్లు కొద్దిపాటి ఉమ్మడి రహస్యసంఖ్యలనే నమ్ముకొనియున్నవట. ఊరంతటికి తాళములు వేసి, అన్నింటికి నాలుగైదు చెవులే చేయించినట్లున్నది ఈ సంగతి.

తలుపు తెఱచుట ఒక యెత్తు, ఇంజనును కదల్చుట మఱియొక యెత్తు. ఈ రెండవదానికి కావలి కాయుటకై చెవి తలలో ఒక చిప్పును పొదిగిరి. ఆ చిప్పు సరియైన బదులు చెప్పనిదే ఇంజను కదలదు. దీనికి ఇమ్మొబిలైజరు అని పేరు. 1995లో ఐరోపా సమాఖ్య చేసిన శాసనము ననుసరించి 1998 అక్టోబరు నుండి అచ్చట అమ్ముడగు క్రొత్త కార్లన్నింటికి ఇది తప్పనిసరియాయెను. దీని ఫలితము సామాన్యమైనది కాదు. నెదర్లాండ్సులో ఇద్దఱు ఆర్థికశాస్త్రజ్ఞులు లెక్కలు గట్టి, 1995 నుండి 2008 వఱకు ఈ పరికరమువలన కార్ల దొంగతనములు సుమారు నూటికి 40 వంతులు తగ్గినవని తేల్చిరి. దీనికి విపర్యయమైన నిదర్శనము అమెరికాలో కనబడినది. అచ్చట ఇట్టి శాసనము లేదు. 2015 నమూనా కార్లలో ఇతర కంపెనీలవి నూటికి 96 వంతులు ఇమ్మొబిలైజరుతో రాగా, హ్యుందాయ్, కియా కంపెనీలవి 26 వంతులు మాత్రమే అట్లు వచ్చినవి. 2021, 2022 సంవత్సరములలో కుఱ్ఱవాండ్రు చుక్కాని క్రింది మూతను పీకి, ఫోనుతీగ కొనతో మీటను త్రిప్పి ఆ కార్లను తోలుకొనిపోవుట, ఆ విద్యను చలనచిత్రములుగా ఒకరికొకరు చూపుకొనుట ఒక అంటువ్యాధివలె వ్యాపించినది. 2023లో ఆ కంపెనీలు సుమారు 20 కోట్ల డాలర్ల పరిహారమునకు ఒడంబడవలసివచ్చెను.

చిప్పులలోని రహస్యములు మాత్రము శాశ్వతములా? 2005లో జాన్స్ హాప్కిన్సు విశ్వవిద్యాలయమువారును ఆర్.ఎస్.ఏ. ప్రయోగశాలవారును, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్సు కంపెనీవారి చిప్పును పరీక్షించిరి. దాని రహస్యసంఖ్య 40 ద్వ్యంకములది. అనగా సాధ్యమైన చెవులు సుమారు 1 లక్షా 10 వేల కోట్లు. వినుటకు ఇది మహాసంఖ్యయే. ఫోర్డు టి కారు 24 చెవులతో పోల్చినచో చెప్పనవసరమే లేదు. అయినను ప్రత్యేకముగా కూర్చిన 16 గణనచిప్పులతో వారు గంటలోపల సరియైన చెవిని వెదకి పట్టిరి. మనుష్యునకు అనంతముగా తోచు సంఖ్య యంత్రమునకు ఒక గంట పని.

ఇచ్చట ఒక ధర్మసందేహము కలుగును. తాళములోని లోపమును కనుగొన్నవాడు దానిని లోకమునకు చెప్పవచ్చునా? చెప్పినచో దొంగలకు విద్య నేర్పినట్లు కాదా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. లండను నగరమున బ్రామా కంపెనీవారు తమ తాళమును 1790 నుండి అంగడి కిటికీలో నుంచి, దానిని చెవి లేకుండ తెఱచినవారికి 200 గినీలు బహుమానమని చాటుచుండిరి. 1851 నాటి మహాప్రదర్శన సందర్భమున అమెరికానుండి వచ్చిన ఆల్ఫ్రెడ్ హాబ్సు అను తాళపు పనివాడు 16 దినములలో 51 గంటలు శ్రమించి దానిని తెఱచెను. ఆంగ్లేయులు కలవరపడిరి, ఇట్టి సంగతులు బయట చెప్పరాదనిరి. దొంగలు తమ విద్యలో ముందే ఆరితేఱినవారని, తెలియనిది సొత్తుగలవారికే యనియు హాబ్సు పక్షమువారు బదులు చెప్పిరి.

162 ఏండ్లకు ఆ లండనులోనే ఆ వాదము మఱల నడచినది. మెగామోస్ అను కారు చిప్పులోని లోపములను ఫ్లావియో గార్సియా, రోయెల్ వెర్డుల్ట్, బారిష్ ఎగే అను మువ్వురు పరిశోధకులు కనుగొని, చిప్పు చేసినవారికి 2012లోనే తెలియజేసిరి. వారి వ్యాసము ప్రచురింపబడరాదని ఫోక్స్‌వాగన్ కంపెనీవారు హైకోర్టునకెక్కగా, 2013 జూనులో న్యాయస్థానము తాత్కాలికముగా నిషేధించెను. వ్యాసము 2015లో గాని వెలువడలేదు. ఒకే ఒక్క వాక్యము తొలగింపబడి, తక్కినది యథాతథముగా ప్రచురింపబడెను. ఆ రెండేండ్లును మౌనము వహించిన ఫలితముగా రోడ్డుమీది పాత చిప్పులు మాఱిపోలేదు. కొనువారికి మాత్రము ఆ సంగతి తెలియకపోయెను. న్యాయమూర్తికి ఎదురైన చిక్కు నిజమైనదే. అప్పటికే అమ్ముడైన లక్షలాది కార్లలోని చిప్పులను ఒక్క దినమున మార్చుట సాధ్యము కాదు. కాని తాళము బలమును పరీక్షించు హక్కు దానిని అమ్మువానికే వదలినచో, కొనువాడు ఎన్నటికిని చీకటిలోనే యుండును.

ఇంతవఱకు చెప్పినదంతయు తాళము కథ. ఇక గొళ్ళెము కథకు వత్తము. 1993లో కార్వెట్ కారునకును, 1998లో మెర్సిడెస్ బెంజ్ ఎస్ తరగతి కారునకును, మీటయైనను నొక్కనక్కఱలేని చెవి వచ్చినది. దాని పని విధానమిది. యజమాని పిడిని తాకగానే కారు ఒక పిలుపు పిలుచును. ఆ పిలుపు సుమారు 125 కిలోహెర్ట్జుల మీద నుండును. అది రెండు మీటర్ల మేర దాటి వినబడదు. జేబులోని చెవి ఆ పిలుపును విని, 315 గాని 433 గాని మెగాహెర్ట్జుల మీద రహస్యపు బదులు పలుకును. ఇది పదులకొలది మీటర్లు పోగలదు. బదులు సరిపోయినచో తలుపు తెఱచుకొనును. యజమాని చేయి జేబులోనికి పోనక్కఱలేదు. ఇంకొక చిత్రము: బ్యాటరీ అయిపోయినచో వాడుకొనుటకు ఈ చెవులలో పెక్కింటి పొట్టలో పాతకాలపు ఇనుపచెవి ఒకటి దాగియుండును.

మన మూడు ప్రశ్నలు ఇచ్చట ఏమైనవో చూడుడు. ఇష్టమేనా అను ప్రశ్న పూర్తిగా మాయమైనది. చెవి తన యజమానిని అడుగకయే, అతడు నిద్రించుచున్నను, బదులు చెప్పును. ఎక్కడ అను ప్రశ్నను కారు అడుగనే లేదు, ఊహించుకొన్నది. “నా పిలుపు రెండు మీటర్లు మించి పోదు, చెవి దానిని వినినది, కావున చెవి రెండు మీటర్లలోపల నున్నది.” ఇదియే ఆ ఊహ. తర్కము చక్కగానే యున్నది. అయితే పిలుపును మోసికొనిపోవువాడు మధ్య నొకడు ఉండవచ్చునను మాట అందులో లేదు.

ఈ మధ్యవర్తి మోసమును బోధించు ఒక చదరంగపు కథను గణితవేత్త జాన్ కాన్వే 1976లో ప్రచారము చేసెను. ఆటలో ఓనమాలు మాత్రమే తెలిసిన ఒక బాలిక ఇద్దఱు మహాక్రీడాకారులతో ఒకేసారి ఆడుటకు పూనుకొనును. ఒకనితో తెల్లపావులు, ఇంకొకనితో నల్లపావులు పుచ్చుకొనును. ఒకడు వేసిన ఎత్తును తాను రెండవవాని యెదుట వేయును. వాడిచ్చిన జవాబును మొదటివాని యెదుట వేయును. ఇద్దఱిని ఓడించుట దానికి తెలియదు. కాని ఇద్దఱి చేతిలోను ఓడిపోవుట మాత్రము అసంభవము. మహావిద్వాంసులిద్దఱు తమకు తెలియకయే ఒకరితో నొకరు ఆడుకొనిరి. 1987 ప్రాంతముల ఇవో డెస్మెట్ అను పండితుడును ఆయన సహచరులును గుర్తింపు యంత్రములకు ఇట్టి మోసము తగులునని హెచ్చరించిరి. 1993లో స్టెఫాన్ బ్రాండ్సు, డేవిడ్ చామ్ అను వారు దీనికి విఱుగుడు కూడ చెప్పిరి. బదులు సరియైనదా కాదా యని చూచుటతో చాలించక, బదులు ఎంతసేపటికి వచ్చినదో కొలువవలెనని వారి ఉపాయము. వెలుగు సెకనులో నూఱుకోట్లవ వంతు కాలమున 30 సెంటీమీటర్లు మాత్రమే పోగలదు. రేడియో తరంగమునకును అదే వేగము. ఎవరెంత ఉపాయశాలియైనను వెలుగుకన్న వేగముగా మాటను మోయలేడు. కావున కాలమే దూరమునకు సాక్షి. మెర్సిడెస్ చెవి బజారులోనికి వచ్చుటకు 5 ఏండ్ల ముందే ఈ ఉపాయము గ్రంథస్థమైయుండెనని మఱువరాదు.

2011లో స్విట్జర్లాండులోని జ్యూరిచ్ సాంకేతిక విశ్వవిద్యాలయమునకు చెందిన ఫ్రాన్సియోన్, డానెవ్, చాప్కున్ అను మువ్వురు 8 కంపెనీల 10 నమూనా కార్లను పరీక్షించిరి. ఒక యాంటెన్నాను కారు తలుపు నొద్దను, ఇంకొకదానిని చెవి సమీపమునను ఉంచి, కారు పిలుపును చెవికి చేరవేసిరి. చెవి 8 మీటర్ల దూరమున నున్నను మేలుకొని బదులు చెప్పినది. పదికి పదియు తెఱచుకొన్నవి. పదికి పదియు కదలినవి. రహస్యసంఖ్యను వారు ఛేదింపలేదు; దానితో వారికి పనియే లేకపోయెను. తాళము వజ్రమువలె గట్టిగానే యున్నది. గొళ్ళెము వేయబడలేదు, అంతే.

ప్రయోగశాలలోని ఈ విద్య వీథికెక్కుటకు పెక్కేండ్లు పట్టలేదు. 2017లో ఇంగ్లండులోని సోలిహల్ పట్టణమున ఒక ఇంటిముందు నిలిపిన మెర్సిడెస్ కారును ఇద్దఱు దొంగలు తోలుకొనిపోవు దృశ్యము కావలి కెమెరాకు చిక్కగా, వెస్ట్ మిడ్‌ల్యాండ్సు పోలీసువారు దానిని ప్రజలకు చూపిరి. ఒకడు పెట్టె పట్టుకొని ఇంటి గోడవెంట కదలాడుచుండును; రెండవవాడు ఇంకొక పెట్టెతో కారు ప్రక్కన నిలుచును. నిమిషమాత్రమున పని ముగియును. లోపల నిద్రించువారికి చీమ చిటుక్కుమన్న చప్పుడైనను వినబడదు.

కారు ఒకసారి కదలిన పిమ్మట చెవి దూరమైనను ఇంజను ఆగదు. ఇది అజాగ్రత్తవలన గాక, బుద్ధిపూర్వకముగా చేసిన ఏర్పాటు. వేగముగా పోవు కారు చెవిబ్యాటరీ అయిపోయినంతమాత్రమున నడిరోడ్డున ఆగిపోయినచో ప్రాణములకే ముప్పు గదా! ప్రాణరక్షణకై ఉంచిన ఈ సడలింపే దొంగకు రాజమార్గమైనది.

తరువాత ఫోను కాలము వచ్చినది. 2017లో అమ్మకమునకు వచ్చిన టెస్లా మోడల్ 3 కారునకు ఫోనే ముఖ్యమైన చెవి. ఫోనులో బ్లూటూత్ అను స్వల్పదూరపు రేడియో ఉండును; దానితో పాటు తాకించి తెఱచుటకు ఒక చీటీవంటి పలుచని అట్టయు నిచ్చిరి. ఫోనులోని రహస్యరక్షణ పాత చెవులకన్న ఎన్నోరెట్లు మేలైనది. అయినను 2022లో ఎన్.సి.సి. గ్రూపు అను సంస్థ పరిశోధకుడు పాత మధ్యవర్తి విద్యతోనే ఆ కారును తెఱచి నడిపెను. అతని పరికరము కలిగించిన ఆలస్యము సెకనులో వేయింట 8 వంతులు. మనకది రెప్పపాటుకన్న తక్కువ. ఆ కాలములో వెలుగు 2,400 కిలోమీటర్లు పోగలదు. హైదరాబాదునుండి ఢిల్లీకి సూటిగా గల దూరమునకు ఇంచుమించు రెట్టింపు. అంత ఆలస్యమును ఓర్చుకొను కారు తన యజమాని ఎదుటనే యున్నాడని ఎట్లు చెప్పగలదు?

ఆ సంవత్సరమే ఆస్ట్రియాలోని మార్టిన్ హెర్ఫుర్ట్ అను పరిశోధకుడు మఱియొక చిత్రమును చూపెను. అట్టతో టెస్లా కారును తెఱచిన తరువాత 130 సెకనులవఱకు మరల ఏమియు అడుగకయే నడుపనిచ్చునట్లు ఆ కంపెనీవారు 2021లో సౌకర్యము కల్పించిరి. ఆ వ్యవధిలోనే, యజమానికి తెలియకుండ, దగ్గఱనున్న అన్యుడు తన ఫోనును కూడ ఒక క్రొత్త చెవిగా చేర్చుకొనగలుగుచుండెను. అతిథికై తలుపు తెఱచియుంచిన రెండు నిమిషములలో దొంగ వచ్చి మాఱుచెవి చేయించుకొనిపోవుట వంటిది ఇది.

కంపెనీలు చేతులు ముడుచుకొని కూర్చున్నవని చెప్పుట న్యాయము కాదు. 2019లో ఐరోపాలోని ఫోర్డువారు, కదలకయున్న చెవి 40 సెకనులకు నిద్రపోవు ఏర్పాటు చేసిరి. రాత్రి బల్లమీదనున్న చెవి దొంగ పిలుపునకు పలుకదు. ఇది ఇష్టమేనా అను ప్రశ్నను కొంతమేర తిరిగి తెచ్చినట్లే. బ్రాండ్సు, చామ్ చెప్పిన కాలమాపనమును అతి విశాలమైన తరంగపట్టీగల క్రొత్త రేడియోలతో సాధించుట 2018లో జాగ్వార్ ల్యాండ్ రోవరు కార్లలో కనబడెను. 2021లో కార్ల కంపెనీలును ఫోన్ల కంపెనీలును కూడిన కార్ కనెక్టివిటీ కన్సార్టియము తన డిజిటల్ చెవి మూడవ ప్రమాణమున దీనిని చేర్చెను. దీనితో ఎక్కడ అను ప్రశ్నను కారు ఊహింపక నిజముగా కొలుచుటకు వీలు కలిగినది.

అయినను సామెత మనలను వదలలేదు. 2024 మే నెలలో చైనాలోని గోగోబైట్ అను సంస్థవారు, ఈ క్రొత్త రేడియో అమర్చబడిన టెస్లా మోడల్ 3 కారును పాత బ్లూటూత్ మధ్యవర్తి విద్యతోనే తెఱచిరి. కొలుచు పరికరము కారులో నున్నది. కాని తలుపు తెఱచుటలో దాని మాటను కారు లెక్కింపలేదు. మునుపు గొళ్ళెము మఱచిరి. ఇప్పుడు గొళ్ళెము బిగించియు దానిలో తాళము తగిలింపలేదు. ఇక 2023లో బయటపడిన విద్యలో దొంగలు తలుపును, చెవిని రెంటిని విడిచి, ముందుదీపము తీగలగుండ కారు లోపలి సమాచారమార్గమునకు చేరి, చెవి వచ్చినదని తామే చాటింపు వేసిరి. మన పూర్వులెఱిగిన కన్నపుదొంగ ఇట్లే తలుపు జోలికి పోక గోడకు కన్నము వేయువాడు.

ఈ చరిత్రవలన మనము గ్రహింపవలసినదేమి? సంఖ్యల బలమున తాళము 24 చెవులనుండి లక్షకోట్ల చెవులకు పెరిగినది. అది గొప్ప అభివృద్ధియే. కాని ప్రతి సౌకర్యమును తెచ్చునప్పుడు ఇనుపచెవి ఊరక చెప్పుచుండిన ఒక బదులును మనము పోగొట్టుకొంటిమి. మీట వచ్చినప్పుడు స్థానము పోయెను. మీట పోయినప్పుడు సమ్మతి పోయెను. దగ్గఱనుండుట వేఱు, ఒప్పుకొనుట వేఱు. ఈ భేదమును యంత్రమునకు నేర్పుట దానిని నిర్మించినవారి పని. నేర్పనందువలని నష్టమును కొనినవాని నెత్తిన వేయుట న్యాయము కాదు. చెవి చేతనున్నను కారు పోవచ్చునని పరిశోధకులు 2011లోనే నిరూపించియున్నారు గనుక, చెవి చూపిన యజమానిని అబద్ధికుడనుటకు ఇక ఎవరికిని అధికారము లేదు.

కారు కొనదలచినవారు రంగును, వేగమును, మైలేజిని విచారించుట సహజము. వానితోపాటు ఒక్క ప్రశ్న కూడ అడుగుడు: “నేను సమీపమున నున్నానని ఈ కారు ఊహించుకొనునా, కొలిచి చూచునా?” ఇట్టి కారు ఇప్పటికే ఉన్నవారికి కొన్ని సులభోపాయములు కలవు. నడుపుటకు ముందు రహస్యసంఖ్య నడుగు ఏర్పాటున్నచో దానిని పెట్టుకొనవలెను. ముట్టుకొనగానే తెఱచు సౌకర్యమును ఆపివేయుటకు వీలున్నచో రాత్రివేళ ఆపివేయవలెను. చెవిని వీథి తలుపు ప్రక్కన వ్రేలాడదీయక, మూత గట్టిగా పట్టు లోహపు డబ్బాలో ఉంచి, దానితో కారు నొద్దకు పోయి తలుపు తెఱచుకొనుచున్నదో లేదో ఒకమాఱు పరీక్షించి చూడవలెను. తెఱచుకొనకున్నచో ఆ డబ్బా పనికివచ్చును. చుక్కానికి తగిలించు ఇనుపకడ్డీ తాళము పాతకాలపుదని నవ్వనక్కఱలేదు. రేడియో పెట్టె ఎంత తెలివిగలదైనను ఇనుమును ఒప్పింపలేదు.